ఏడో రీలు

ఆ వేసవిలో మా గేటు తీసిన వాళ్ళెవర్నీ నేను నమ్మలేదు. మొదట వచ్చినవాడు చేతులకు తెల్ల గ్లౌజులు తొడుక్కుని వచ్చాడు.

"టేపులకి చెమట తగలకూడదు సార్, అందుకని," అన్నాడు నా చూపు చూసి.

"టేపులు నేనింకా చూపించలేదుగా."

గ్లౌజులు తీసి జేబులో పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మెడలో హెడ్‌ఫోన్లు, చంకలో సంచి. పాత రికార్డింగులు ఎక్కడెక్కడివో వెతికి, శుభ్రం చేసి, ఒక అట్టపెట్టెలో కూర్చి అమ్మే కంపెనీ మనిషి. మా అమ్మాయి ఉత్తరం రాసి పిలిపించింది. నన్ను అడిగి కాదు.

అతనికి కావలసినవి బక్కోడి టేపులు.

బక్కోడంటే ఇప్పుడు గిటారు పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. వాడిలా తీగను పక్కకి లాగి ఏడిపించాలని ఎన్ని దేశాల్లో ఎంతమంది వేళ్ళు కోసుకున్నారో. అప్పటికి మాత్రం వాడు ఒక ఎముకల గూడు, ఒక పాత గిటారు, అంతే. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం యాంప్లిఫయరు బాగుచేయించుకోవడానికి నా వర్క్‌షాపుకి వచ్చాడు. నేను యాంప్లిఫయర్లు తయారుచేస్తాను, బాగుచేస్తాను. వర్క్‌షాపు వెనక గదిలో ఒక టేపు మిషను ఉండేది. ఆ గదిలో బక్కోడు ఒక వానాకాలమంతా బ్లూస్ పాటలకి రాక్ దరువు కలిపి వాయించాడు. మిషను దగ్గర మా ఆవిడ కూర్చునేది. డ్రమ్ములు ఆమె తమ్ముడివి. ఎనిమిది రీళ్ళు నిండాయి. తర్వాత బక్కోడు వెళ్ళిపోయాడు, పెద్దవాడయ్యాడు, కిందటేడు పోయాడు. మా ఆవిడ అంతకు ముందేడు పోయింది.

"ఎనిమిది రీళ్ళున్నాయని అమ్మాయిగారు రాశారు," అన్నాడు గ్లౌజులాయన.

"ఏడే ఉన్నాయి. ఏడో నంబరుది లేదు."

అతని మొహం వాడిపోయింది. సంగతి అతనికి తెలుసు. బక్కోడు బతికినన్నాళ్ళూ అడిగిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడట: నా జన్మకి నేను సరిగ్గా వాయించింది ఒక్కసారే, అది ఒక యాంప్లిఫయరు మెకానిక్ ఇంట్లో ఏడో రీలు మీద ఉంది అని.

"ఏమైంది సార్ అది?"

"నా బావమరిది కాజేశాడు. కంపెనీవాడెవడికో ఇచ్చేశాడు."

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. "నాన్నా," అంది.

"ఏం, అబద్ధమా?"

"నువ్వు చూశావా?"

"చూస్తుండగా ఎవడు దొంగతనం చేస్తాడు?"

గ్లౌజులాయన నేల వంక చూశాడు. నేను అతని వైపు తిరిగాను. "పెట్టెతో పాటు ఒక పుస్తకం కూడా వేస్తారటగా. ఏ పాట ఎప్పుడు, ఎవరు వాయించారు అని."

"వేస్తాం సార్. అదే ముఖ్యం ఇలాంటి వాటికి."

"అందులో రాయాలి. ఏడో రీలు డ్రమ్ములు వాయించినవాడు దొంగిలించాడని. పేరు పెట్టి రాయాలి. అలా రాస్తేనే నా సంతకం."

"అచ్చులోనా సార్? ఆయన... ఉన్నారా?"

"భేషుగ్గా ఉన్నాడు. ఇక్కడికి మూడు వీధులు. బస్సు సీట్లకి రెక్సిన్ కుడతాడు. ఉన్నాడు కాబట్టే రాయమంటున్నాను. పోయాక రాస్తే ఎవడు చదువుతాడు?"

మూడు రోజులు అటూ ఇటూ ఫోన్లు చేసుకున్నాడు. నాలుగో రోజు ఒక కాగితం టైపు చేసి తెచ్చాడు. అయిదు వాక్యాలు. నా బావమరిది పేరు రెండో వాక్యంలో ఉంది. రెండుసార్లు చదివాను. "ఇది అచ్చుకెళ్ళాక చూపించు, అప్పుడు సంతకం పెడతాను. ఈలోగా నీ పని నువ్వు చేసుకో," అన్నాను.

*

రోజూ పొద్దున తొమ్మిదికి వచ్చేవాడు. తన టేపు మిషను కారులో తెచ్చుకున్నాడు. ఒక్క రీలు కూడా ఇల్లు దాటడానికి వీల్లేదన్నాను. వెనక గదిలోనే కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి, పక్కన నేనుంటాను. మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళేముందు డబ్బాలు లెక్కపెట్టేవాణ్ణి. తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి.

"నేనేం పట్టుకుపోను సార్."

"వాడూ అదే అన్నాడు."

రెండో రీలు వింటూ కళ్ళు మూసుకున్నాడు. "ఈ శబ్దం సార్. ఈ గరగర. దీన్ని ఎలా తెప్పించారు?"

"తెప్పించడం కాదు. వాల్వు పోయింది. మారుస్తానంటే వాడు యాంప్లిఫయరు మీద పడుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు."

"దీనికోసమే సార్ ఇప్పుడు ప్రపంచమంతా..."

"నేను బాగుచేసినవి వందలున్నాయి. వాటి గురించి ఒక్కడూ రాలేదు. బాగుచేయనివ్వని దాని కోసం నువ్వొచ్చావు."

అతను నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ప్రతి పాటకి ముందు మా ఆవిడ గొంతు వినిపించేది. "రెండో పాట. మూడోసారి. కానివ్వండి." అంతే. పాతికేళ్ళ వయసు నాటి గొంతు. మొదటిసారి వినగానే లేచి వెళ్ళి ఫ్యూజు చూసి వచ్చాను. ఫ్యూజుకేమీ కాలేదు.

నాలుగో రీల్లో ఒకచోట దరువు తప్పింది. పాట ఆగింది. "ఒరేయ్, నిద్రపోతున్నావా?" అంది మా ఆవిడ.

"లేదక్కా. నీ మొగుడు నా వంక చూస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది."

అందరూ నవ్వారు. బక్కోడి దగ్గుతో కూడిన నవ్వు, ఆమె నవ్వు, వాడి నవ్వు. ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. అది గుర్తుంది. ఆ మాట విన్నట్టు మాత్రం గుర్తులేదు.

"ఇది ఉంచుదాం సార్. ఇలాంటివే జనానికి ఇష్టం," అన్నాడు గ్లౌజులాయన.

"తీసేయ్."

ఏదో రాసుకున్నాడు. తీసేస్తానని రాసుకున్నాడో, ఉంచుతానని రాసుకున్నాడో చూడనివ్వలేదు.

*

రెండో వారంలో మా అమ్మాయి చేతిసంచి బల్లమీద కనిపించింది. దాని పట్టీ తెగి చాలా రోజులైంది. ఇప్పుడు కుట్టి ఉంది. తీసి చూశాను. జంట కుట్టు, చివర్లో వెనక్కి మూడు పోట్లు, ముడి లోపలికి దాచి. యాంప్లిఫయరు పెట్టెలకి రెక్సిన్ తొడిగినప్పుడు నా బావమరిది వేసే కుట్టు అది. అలా ఇంకెవరూ వేయరు.

మా అమ్మాయి తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు నుంచి ఆలస్యంగా వచ్చేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళుగా వెళ్తున్నావు వాడి దగ్గరికి?"

చెప్పులు విడుస్తున్నదల్లా ఆగింది. సంచి నా చేతిలో ఉండటం చూసింది. "అమ్మ పోయినప్పటి నుంచి."

"ఈ గ్లౌజులవాణ్ణి కూడా వాడే పంపాడా?"

"మామయ్యకి ఇవన్నీ తెలియవు నాన్నా. నేనే రాశాను. టేపులు బూజు పట్టి పోతాయని రాశాను."

"వాడి పేరు అచ్చులో దొంగ అని పడబోతోందని చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సంచి పట్టీ ఇటివ్వు, కుడతాను అన్నాడు."

అది జవాబు కాదు. తప్పు చేసినవాడే అలా మాట తప్పిస్తాడు. ఆ మాటే అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు జడ్జివై ఉంటే ఎంతమందికి ఉరి పడేదో. ఏం చూసి దొంగన్నావు చెప్పు, ఈ ఒక్కసారి."

"ఆ వారంలోనే కొత్త డ్రమ్ము తెచ్చాడు. ఆ వారంలోనే కంపెనీవాడితో టీ తాగుతూ కనపడ్డాడు. రీలు పోయిన రోజు గదిలోంచి ఆఖర్న వచ్చినవాడు వాడు. చాలదా?"

"కొట్టావట కూడా."

"ఒక్క దెబ్బ. బక్కోడి ముందు, వాళ్ళ బృందం ముందు. ఈ గేటు మళ్ళీ తీయకు అన్నాను. తీయలేదు. ఏ తప్పూ చేయనివాడైతే ఒక్క మాటైనా ఎదురు చెప్పడా?"

ఆమె సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. మా ఆవిడ పోయిన రోజు వాడు గేటు బయట నిలబడ్డాడు. పొద్దున్నుంచీ శవాన్ని తీసేదాకా. లోపలికి రమ్మని నేననలేదు. వాడు గేటు ముట్టుకోలేదు. ఆ రోజు కూడా నేను అనుకున్నది అదే, చేసినవాడు కాబట్టే నిలబడ్డాడని.

*

ఏడు రీళ్ళూ అయిపోయాయి. ఆఖరి రోజు గ్లౌజులాయన నా పాత మిషను చుట్టూ తిరిగాడు.

"ఈ మిషను మీదే రికార్డు చేసిన కూత ఏమైనా ఉందా సార్? ఒకే స్థాయిలో ఉండే శబ్దం. అది దొరికితే నా మిషన్ని దీనికి సరిగ్గా జోడించుకోవచ్చు. అప్పుడు మొత్తం ఇంకోసారి ఎక్కించుకుంటాను."

మొదటిసారి అతను పని తెలిసినవాడిలా మాట్లాడాడు. నా పని బల్ల సొరుగులోంచి టెస్టు రీలు తీసి ఇచ్చాను. బాగుకి వచ్చిన ప్రతి మిషన్నీ దీంతోనే సరిచేశాను. రెండు నిమిషాలు కూత వినిపించి, మీటరు ముల్లు సర్ది, వెనక్కి చుట్టి డబ్బాలో పెట్టేవాణ్ణి. ఎవరికీ అరువివ్వలేదు. మా ఆవిడ కూడా అదే మాట అంటుండేది. "ఏదైనా ఇవ్వండి గానీ ఆ టెస్టు రీలు మాత్రం ఇవ్వకండి."

అతను రీలు ఎక్కించాడు. కూత మొదలైంది. ముల్లు సర్దుకున్నాడు, ఏవో అంకెలు రాసుకున్నాడు. రెండు నిమిషాలైంది.

"చాలు, తీసెయ్. ఇంకేముంటుంది అందులో?"

"ఏ రీలైనా చివరిదాకా వినడం నాకు అలవాటు సార్. మధ్యలో ఆపితే మనసొప్పదు."

కరెంటు దండగ అన్నాను. అతను వినిపించుకోలేదు. నేను స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు, అదే కూత. పదో నిమిషంలో కూత ఆగింది. టేపు గోధుమరంగు, దాని మధ్యలోంచి ఒక తెల్లటి ముక్క మిషను హెడ్డు ముందు నుంచి జారిపోయింది. తర్వాత గిటారు వినిపించింది.

మొదలు నుంచి కాదు. ఎవరో మాట్లాడుతుండగా తలుపు తీసినట్టు, సగం స్వరంలో. వెనకాల డ్రమ్ములు మెల్లగా, చాలా మెల్లగా, నా బావమరిది కర్రలతో కాదు వేళ్ళతో కొడుతున్నట్టు. బక్కోడు తీగను లాగాడు. లాగి, వదలకుండా పట్టుకుని, ఇంకా లాగాడు.

గ్లౌజులాయన లేచి నిలబడ్డాడు. చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబుతాను, దాచను. వీడే అతికించాడనుకున్నాను. ఎక్కడో దొరికిన ముక్క తెచ్చి నా రీలుకి అతికించి నన్ను దోషిని చేయాలని చూస్తున్నాడు. బావమరిదీ, కూతురూ, వీడూ కలిసి ఆడుతున్న ఆట.

"ఆపు. ఎప్పుడు అతికించావిది?"

"నేనా సార్? ఇప్పుడేగా మీరు చేతికిచ్చారు."

వెనక్కి చుట్టించాను. తెల్లటి ముక్క దగ్గర ఆపించాను. పాటకీ పాటకీ మధ్య గుర్తు కోసం వేసే కాగితపు టేపు అది. మా ఆవిడ దగ్గర ఒక చుట్ట ఉండేది. బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఒక వెంట్రుకవాసి సందు లేకుండా అతికి ఉంది. ఆ కాగితం మీద పెన్సిలుతో మూడు మాటలు.

ఏడు. మిగిలినంత ఇది.

పక్కన తేదీ. ఆమె చేతిరాత. నేను వాణ్ణి కొట్టి పంపిన నాలుగో రోజు.

ఎలా జరిగిందో చెప్పడానికి నాకెవరూ అక్కర్లేకపోయింది. టేపు మీద కొత్తది రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. రీలు పోయిన రోజు పొద్దున మిషను మీద ఏదో రీలు ఉంది. దానికి పేరు చీటీ లేదు. మా ఆవిడ ఇంకా రాయలేదు. ఖాళీదనుకున్నాను. మిషను సరిచేయాలి, కూత కావాలి. పది నిమిషాలు కూత రికార్డు చేశాను. ఇంతలో టీ వచ్చింది, ఆపాను. టీ రాకపోతే మొత్తం చెరిగేది. ఆ రీలు డబ్బాలో పెట్టి, నా సొరుగులో పెట్టి, సాయంత్రం ఏడో రీలు ఏదని ఇల్లంతా ఎగిరాను.

"సార్," అన్నాడు గ్లౌజులాయన. కాగితం అతను కూడా చదివాడు. "పుస్తకంలో ఆ అయిదు వాక్యాలు..."

"నేను చెప్పేదాకా ఆగు."

"పదమూడు రోజుల్లో ప్రెస్సుకి వెళ్ళాలి సార్."

"ఆగమన్నానుగా. మా అమ్మాయికి కూడా చెప్పకు."

*

మొదటి రోజు చెబుదామనే అనుకున్నాను. చొక్కా వేసుకుని మూడు వీధులూ నడిచాను. రెక్సిన్ కొట్టు ముందు బస్సు సీటు ఒకటి తిరగేసి ఉంది. లోపల కుట్టుమిషను శబ్దం. దాటి వెళ్ళిపోయాను. చివర దాకా వెళ్ళి సోడా తాగి వేరే దారిన వచ్చాను.

మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు ఎవరో బేరగాళ్ళున్నారు. ఎవరూ లేకపోయినా వెళ్ళేవాణ్ణి కాదేమో.

ఇంట్లో కూర్చుని లెక్కలు తీయడం మొదలుపెట్టాను. ఆమె మీద. ప్రతి ఏడూ ఆ సొరుగు ఆమే దులిపేది. నా పని సామాను నేనే చూసుకుంటాననేవాణ్ణి, వినేది కాదు. పక్కవీధి రేడియో మెకానిక్ ఒకసారి ఆ రీలు అడిగితే నేను ఇవ్వబోయాను, ఆమె వంటింట్లోంచి వచ్చి మరీ వద్దంది. నా పని మీద ప్రేమ అనుకున్నాను. ఆమెకి తెలుసు, నేను ప్రాణం పోయినా పారేయని వస్తువు ఈ ఇంట్లో అదొక్కటే అని. అందుకే ఆ ముక్కని వేరే రీలుకి ఎక్కించలేదు. నా చేతిలోనే దాచింది. నాకు తెలియకుండా నా చేతే కాపలా కాయించింది.

ఆమె పడుకునే వైపు చూసి ఒకరోజు మధ్యాహ్నం గట్టిగానే అన్నాను. "నోరు లేదా నీకు?" ఖాళీ మంచం. బయట బట్టలు ఆరేస్తున్న మా అమ్మాయి తొంగి చూసింది.

"ఎవర్ని తిడుతున్నావు?"

"ఎవర్నీ కాదు."

"ఈ మధ్య నువ్వు నన్ను అనుమానించడం లేదు. ఒంట్లో బాగుందా?"

పదకొండో రోజు గ్లౌజులాయన ఫోను చేశాడు. ఎల్లుండి ప్రెస్సు అన్నాడు. ఆ అయిదు వాక్యాలు ఉంచాలా తీయాలా అన్నాడు. సాయంత్రం చెబుతానన్నాను. మళ్ళీ చొక్కా వేసుకున్నాను.

*

వాడు నేలమీద కూర్చుని సీటుకి స్పాంజి కోస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి కత్తెర ఆపాడు గానీ లేవలేదు.

"రా బావా. మొన్న ఒకసారి, అంతకు ముందు ఒకసారి ఇలా వెళ్ళావు. సోడా బాగుందా?"

నేను నిలబడే చెప్పాను. టెస్టు రీలు, కూత, తెల్ల కాగితం. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. వాడు స్పాంజి మీద గీత గీస్తూ విన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అక్క చెప్పింది. ఆ వారంలోనే. ఇదిగో ఈ వీధి చివరికి వచ్చి చెప్పి ఏడ్చింది."

నాకు ఏదైనా విసరాలనిపించింది. ఎవరి మీదో తెలియలేదు. "తెలిసి నోరు మూసుకున్నావా? ముప్పై ఎనిమిదేళ్ళు?"

"ఆ వారం నువ్వెలా ఉన్నావో నీకు గుర్తులేదు బావా. సుత్తి పట్టుకుని తిరిగావు. మిషను పగలగొడతానన్నావు, వర్క్‌షాపు మూసేస్తానన్నావు. తప్పు నీదేనని ఆ వారంలో చెబితే ఏం చేసుకునేవాడివో. అక్కకి అప్పుడు రెండో నెల. ఒక్క నెల ఆగుదాంరా అంది. ఆగాం. తర్వాత పిల్ల పుట్టింది, చిన్నదాన్ని పెట్టుకుని ఇంట్లో గొడవెందుకంది. తర్వాత ఇంక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నెలకోసారి వచ్చేది, చెప్పేస్తానురా అనేది. వెళ్ళేది."

"నెలకోసారి ఇక్కడికి వచ్చేదా?"

"కూరలకని చెప్పి వచ్చేది."

ముప్పై ఆరేళ్ళు ఆమెకి కూరలు బేరమాడటం చేతకాదని తిట్టాను. ఆలస్యమయ్యేది అందుకని.

"ఆ కొత్త డ్రమ్ము?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఒక్కటైనా నిజం కావాలనుకున్నానేమో.

"అరువు తెచ్చుకున్నది. వారం తర్వాత ఇచ్చేశాను. కంపెనీవాడు టీ తాగుదాం రమ్మన్నాడు, తాగాను. ఆ టీ కూడా బాగాలేదు."

"అచ్చులో నీ పేరు ఉంటుంది. దొంగగా కాదు. డ్రమ్ములు అని."

"పేరెందుకు బావా ఇప్పుడు? నా దగ్గరికి వచ్చేది సీట్లు కుట్టించుకోవడానికి." కత్తెర పక్కన పెట్టాడు. "ఒక్క పని చెయ్యి. మేడ మీద మా ఆవిడ ఉంది. ఆమెకి చెప్పు."

"నువ్వు చెప్పలేదా?"

"దొంగతనం చేయలేదని చెప్పాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగింది, ఊళ్ళో అంటున్నది నిజమా అని. లేదన్నాను. సరే అంది. ఎవరు చేశారని అడిగితే అక్క మాట వస్తుంది, నీదాకా వస్తుంది. అందుకని అంతకంటే చెప్పలేదు. ఆ 'సరే' అంటే నమ్మిందనో, నమ్మలేదనో, ముప్పై ఏడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. మళ్ళీ అడిగే ధైర్యం లేదు. నువ్వు చెప్పు. నేను కిందే ఉంటాను."

*

మెట్లు ఇరుకు. ఆ ఇంట్లోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. బావమరిది భార్య కిటికీ దగ్గర బల్ల వేసుకుని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నన్ను పోల్చుకోవడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది.

"అన్నయ్యగారా," అంది. రమ్మని గానీ, కూర్చోమని గానీ అనలేదు.

కింద చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఈసారి ఎక్కువసేపు పట్టింది. రీలు వాడు తీయలేదు. నేను చెరిపాను. నాకు తెలియక చెరిపాను. మా ఆవిడకి తెలుసు. మీ ఆయనకి తెలుసు. వాళ్ళిద్దరూ నా కోసం ఊరుకున్నారు. ఆమె కాలరు ఇస్త్రీ చేస్తూనే ఉంది. కాలరు అయ్యాక చొక్కా తిప్పి వీపు మొదలుపెట్టింది. చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. నమ్మినదాని చేతులు అలా ఉంటాయో, నమ్మనిదాని చేతులు అలా ఉంటాయో నాకు తెలియలేదు.

"ఆయన చేయలేదన్నారు. అప్పుడే సరే అన్నాను," అంది.

"నమ్మే అన్నావా చెల్లెమ్మా?"

ఆ పిలుపు నా నోటికి కొత్త. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"మీరు అడిగితే చెప్పాలా? ఆ మాట ఆయన అడగాలి. పక్కన పడుకునే మనిషి అడగలేదు. మీరు మెట్లెక్కి వచ్చి అడుగుతున్నారు."

నేను ఇస్త్రీపెట్టె వంక చూశాను.

"మీకెప్పుడు తెలిసింది ఇది?" అంది.

ఇవాళే అని నోటిదాకా వచ్చింది. "పదకొండు రోజులైంది."

"పదకొండు రోజులు ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు."

"వదినని తిట్టుకుని ఉంటారు, చెప్పనందుకు."

చొక్కా మడిచింది. చేతులు లోపలికి, అంచులు కలిపి, కాలరు పైకి. మడిచిన బట్టల మీద పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

"వెళ్తూ ఆయన్ని పైకి పంపండి," అంది.

కిందికి వచ్చి వాడితో అదే చెప్పాను. ఏమంది అని అడిగాడు. పైకి రమ్మంది అన్నాను. వాడు లేచి, ఒంటి మీద స్పాంజి ముక్కలు దులుపుకుని, మెట్ల దగ్గర ఆగాడు. నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను. వాడు ఎక్కుతున్న చప్పుడు సగం మెట్ల దాకా విన్నాను. తర్వాత వచ్చేశాను.

దారిలో ఒక సంగతి అర్థమైంది. మొదటి రోజు చెప్పకపోతే రెండో రోజుకి రెండు సంగతులు చెప్పాలి. జరిగిందొకటి, నిన్న చెప్పలేదన్నదొకటి. పదకొండో రోజుకి నా నాలుక అంత బరువెక్కింది. ఆమె నాలుక మీద ఎంత ఉండేదో లెక్క వేయబోయి మానేశాను. అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. నేను క్షమించలేదు. నా ఇంట్లో నన్ను పసివాణ్ణి చేసి, అన్నం పెట్టి, మందులిచ్చి, నిజం ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణో అని భయపడింది. ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. అది కూడా నేను క్షమించలేదు.

*

ఇంటికి రాగానే గ్లౌజులాయనకి ఫోను చేశాను. మా అమ్మాయి ల్యాబు నుంచి వచ్చి మంచినీళ్ళు తాగుతోంది.

"ఆ అయిదు వాక్యాలు తీసెయ్," అన్నాను.

"తీసేస్తాను సార్." ఊపిరి పీల్చుకున్నాడు. "మిగిలిన ముక్క ఆఖర్న పెడుతున్నాం సార్. ముందు భాగం ఎందుకు లేదో ఒక మాట రాయాలి. కాలక్రమేణా పాడైంది అని రాద్దామా? ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"పాడవలేదు. నేను చెరిపాను. నా పేరు రాయి."

గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడైంది. అమ్మాయి నా వెనక నిలబడింది.

"సార్, మీ పేరు ముందు పేజీలో ఉంది. రికార్డింగు చేసినవారు అని. వర్క్‌షాపు మీ పేరున కదా ఉంది."

"అక్కడ తీసి ఇక్కడ పెట్టు."

"మరి అక్కడ ఎవరి పేరు వేయను?"

"మిషను దగ్గర కూర్చున్నదెవరో రోజూ వింటూనే ఉన్నావుగా. ఆమె పేరు వెయ్యి."

"పేరేమిటి సార్?"

చెప్పాను. లైను సరిగ్గా లేదు, ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను.